ముందు నిలబడే చోటు, తర్వాతే చేతులు: శ్రీజేష్ కెరీర్ నుంచి గోల్‌కీపర్లకు

(హాకీ గోల్‌కీపర్ల శిక్షణ శిబిరంలో పిల్లలను, తల్లిదండ్రులను, పీఈటీ మాస్టార్లను ఉద్దేశించి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, ప్యాడ్లు కట్టుకునే కూర్చున్నారు కదా, కాళ్లు చాపుకోండి, ఫర్వాలేదు. వెనక ఉన్న అమ్మానాన్నలకు వినిపిస్తోందా? సరే.

నా వెనక ఉన్న గోల్ చూడండి. వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. ఎంత పొడగరి అయినా, చేతులు ఎంత చాచినా, ఇంత జాగాని ఒక్క మనిషి కప్పగలడా? కప్పలేడు. లైను మీద నిలబడితే ఎవ్వరూ కప్పలేరు. మరి కేరళలో ఎర్నాకుళం జిల్లా కిళక్కంబలం అనే ఊళ్లో పుట్టిన రైతుబిడ్డ, భారత హాకీ గోల్‌కీపర్ పి.ఆర్.శ్రీజేష్, 2006 నుంచి 2024 దాకా, 336 అంతర్జాతీయ మ్యాచుల్లో దీన్ని ఎలా కాపలా కాశాడు? రెండు ఒలింపిక్ కాంస్యాలకు చివరి కాపలాదారు ఎలా అయ్యాడు?

రిఫ్లెక్సులు అంటారు అందరూ. టీవీలో చూసి, అబ్బ, మెరుపులా ఆపాడు అంటారు. నేను ఈరోజు చెప్పదలుచుకున్నది అది కాదు. ఆ బంతిని ఆపే పని, అవతలివాడు కొట్టకముందే సగానికి పైగా అయిపోయింది. ఎక్కడ నిలబడ్డాడు? అదీ ప్రశ్న. ఈ గంటలో ఏ సేవ్ గురించి మాట్లాడినా నేను మిమ్మల్ని ఇదే అడుగుతాను. ఎక్కడ నిలబడ్డాడు?

ముందు లెక్క చూద్దాం. లెక్క అనగానే మొహాలు అలా పెట్టకండి, చిన్న లెక్కే. డి అంటే గోల్ ముందు గీసే అర్ధవృత్తం లాంటి గీత. దాని వ్యాసార్ధం 14.63 మీటర్లు. పెనాల్టీ కార్నర్‌లో, అంటే డిలో తప్పు జరిగితే అవతలి జట్టుకి ఇచ్చే అవకాశంలో, బంతి డి బయటికి వెళ్లి వచ్చాకే గోల్‌కి కొట్టాలి. కాబట్టి డ్రాగ్ ఫ్లిక్, అంటే బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే దెబ్బ, కొట్టేవాడు మీకు ఇంచుమించు ఆ దూరంలో ఉంటాడు. మంచి ఫ్లిక్ గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకోండి. అంటే సెకనుకు 30 మీటర్లు. లైను దగ్గరికి రావడానికి అర సెకను కూడా పట్టదు. అందులో మీ కన్ను చూసి, మెదడు ఎటో తేల్చి, కాలు కదలడం మొదలుపెట్టే సరికి సెకనులో ఐదో వంతు పోతుంది.

ఇప్పుడు లైను మీంచి రెండు మీటర్లు ముందుకు రండి. ఏమైంది? మీరు కప్పాల్సిన వెడల్పు 3.66 నుంచి 3.16కి తగ్గింది. అటు పాతిక సెంటీమీటర్లు, ఇటు పాతిక సెంటీమీటర్లు మిగిలాయి. పైమూలకు వెళ్లే బంతి ఎత్తు 2.14 నుంచి సుమారు 1.85కి తగ్గింది. ఇంత ఎత్తు, చూడండి. ఇది ఎగరకుండా చెయ్యి అందే ఎత్తు. మరి ఏం పోగొట్టుకున్నారు? సెకనుని నూరు వంతులు చేస్తే అందులో ఏడు. అంతే. అటూ ఇటూ జానెడేసి మేర కలిసొచ్చింది, రెప్పపాటు కన్నా తక్కువ కాలం పోయింది. మంచి బేరమే కదా?

అయితే ఇంకా ముందుకు, నాలుగు మీటర్లు వస్తే ఇంకా మంచిదేగా అని ఎవరైనా అడగాలి. అడగండి. రాకూడదు. ఎందుకంటే ఫ్లిక్ కొడతాడనుకున్నవాడు బంతిని పక్కవాడికి జరుపుతాడు. మీరు నాలుగు మీటర్లు ముందుంటే మీ వెనక ఖాళీ గోల్. ముందుకొచ్చే కొద్దీ నేరుగా వచ్చే బంతికి లాభం, పక్కకి జరిగే బంతికి నష్టం. ఈ రెంటి మధ్య ఎంత దూరం అనేది ఒక్కో జట్టుని బట్టి, ఒక్కో ఫ్లిక్కర్‌ని బట్టి మారుతుంది. గోల్‌కీపర్ జీవితమంతా ఈ ఒక్క దూరాన్ని దిద్దుకోవడమే.

అందుకే శ్రీజేష్ కథ నెమ్మదిగా నడిచింది. ఇక్కడ అమ్మానాన్నలు కొంచెం శ్రద్ధగా వినాలి.

శ్రీజేష్ హాకీతో మొదలుపెట్టలేదు. పరుగు, లాంగ్ జంప్, వాలీబాల్ ఆడాడు. పన్నెండో ఏట తిరువనంతపురంలోని జి.వి.రాజా స్పోర్ట్స్ స్కూల్లో చేరాక, అక్కడి కోచ్‌లు గోల్‌లో నిలబడమన్నారు. కిట్ కొనడానికి వాళ్ల నాన్న ఇంట్లో పాలిచ్చే ఆవుని అమ్మేశారు. ఈ సంగతి చాలాసార్లు విని ఉంటారు. కళ్లు చెమర్చి వదిలేయకండి. ఆవునెందుకు అమ్మాల్సి వచ్చింది? ఫార్వర్డ్‌కి ఒక స్టిక్, ఒక షిన్ గార్డ్ చాలు. గోల్‌కీపర్‌కి? లెక్కపెట్టండి. హెల్మెట్, గొంతు గార్డు, ఛాతీ ప్యాడ్, మోచేతి గార్డులు, రెండు చేతుల గార్డులు, నడుముకి ప్యాడ్ నిక్కరు, లోపల అబ్డామినల్ గార్డు, కాళ్ల ప్యాడ్లు, పాదాలకి కట్టే కిక్కర్లు. ఇప్పుడు విదేశీ కిట్ మొత్తం కొనాలంటే లక్షలోకి పోతుంది. అందుకే మాస్టార్లకి ఒక మనవి. స్కూలు డబ్బుతో కొనేటప్పుడు ముందు హెల్మెట్, గొంతు గార్డు, అబ్డామినల్ గార్డు కొత్తవి కొనండి. కాళ్ల ప్యాడ్లు పాతవైనా నడుస్తాయి. నేను చాలాచోట్ల చూస్తున్నది దీనికి తలకిందులు. మెరిసే ప్యాడ్లు, పగుళ్లిచ్చిన హెల్మెట్.

హెల్మెట్ అంటే గుర్తొచ్చింది. ముందున్న ఆ జాలీ చూడండి. దాని సందులు హాకీ బంతి దూరకుండా కొలిచి చేసినవి. హాకీ బంతి అడ్డకొలత ఏడు సెంటీమీటర్ల పైనే ఉంటుంది. గోల్ఫ్ బంతి నాలుగు చిల్లర. చూపు పదును పెడుతుందని చిన్న బంతులతో సాధన చేయించేవాళ్లు ఉన్నారు. 2009లో పుణె శిబిరంలో భారత గోల్‌కీపర్ బల్జీత్ సింగ్ కంటికి గోల్ఫ్ బంతి తగిలింది. జట్టులో స్థిరపడుతున్న సమయంలో అతని కెరీర్ అక్కడితో ఆగిపోయింది. దయచేసి చిన్న గట్టి బంతులతో గోలీకి సాధన చేయించకండి. చేతి కంటి సమన్వయానికి టెన్నిస్ బంతిని గోడకు కొట్టి పట్టుకోవడం చాలు.

సరే, కథలోకి వద్దాం. శ్రీజేష్ 2004కే జూనియర్ జట్టులోకి వచ్చాడు. 2006లో కొలంబోలో సౌత్ ఏషియన్ గేమ్స్‌తో సీనియర్ జట్టులోకి. అప్పటికి పద్దెనిమిదేళ్లు. 2008లో జూనియర్ ఆసియా కప్ ఎక్కడ జరిగింది? చెప్పండి. మన హైదరాబాద్‌లో. భారత్ గెలిచింది. ఆ టోర్నీ ఉత్తమ గోల్‌కీపర్ శ్రీజేష్. ఇక మరుసటి ఏడాది నుంచి సీనియర్ జట్టులో అతనే, అనుకుంటారు కదా? కాదు. ఏడ్రియన్ డిసౌజా ఉన్నాడు, భరత్ ఛెత్రీ ఉన్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు, కానీ జట్టు కెప్టెన్ ఛెత్రీ, ఆయన కూడా గోల్‌కీపరే. ఇంక రెండోవాడికి ఎంత ఆట దొరుకుతుంది? ఆ లండన్‌లో మన జట్టు పన్నెండో స్థానంలో, అంటే ఆఖరున నిలిచింది.

లెక్కేయండి. 2006లో వచ్చినవాడు 2012 దాటేదాకా తిరుగులేని మొదటి గోల్‌కీపర్ కాలేదు. ఆరేడేళ్లు. ఫార్వర్డ్‌కి అన్నేళ్లు ఆగాల్సిన పని లేదు, అరగంట మిగిలితే దింపుతారు. గోల్‌కీపర్‌ని అలా దింపరు. ఒలింపిక్స్‌కి పదహారు మందే. టోక్యోకీ పారిస్‌కీ ఆ పదహారులో మన గోల్‌కీపర్ ఒక్కడే. కృషన్ పాఠక్ లాంటి మంచి గోల్‌కీపర్ రిజర్వుగా బయట ఉన్నాడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని సంగతి తెలుసు కదా. టోక్యోకి మహిళల జట్టులో సవిత ఒక్కతే గోల్‌కీపర్, రజని రిజర్వు. అంత దూరం వెళ్లి, అంత స్థాయిలో ఉండి, బయట కూర్చోవడం. అందుకని మీ అబ్బాయికో అమ్మాయికో పదహారేళ్లకి జిల్లా జట్టులో రెండో గోల్‌కీపర్ స్థానం వచ్చిందంటే, చాల్లే, ఇంక చదువుకో అని కిట్ మూలన పడేయకండి. గోల్‌కీపర్ ఆలస్యంగా పండే పంట. ఎందుకు ఆలస్యం? ఇందాకటి ఆ దూరం, ఆ రెండు మీటర్లు, వందల ఫ్లిక్కులు ఎదుర్కొంటే తప్ప ఒంటికి పట్టదు.

మరి ఆ ఆరేడేళ్లు రెండోవాడు ఏం చెయ్యాలి? సాధనలో మొదటివాడి కన్నా ఎక్కువ బంతులు ఆడాలి. ఫ్లిక్కర్లందరూ మ్యాచ్ ముందు రోజు సాధన చేసేది ఎవరి మీద? రెండో గోలీ మీద. ఆ బంతుల్ని శిక్షలా తీసుకునేవాడు అక్కడే ఆగిపోతాడు. ఫ్లిక్కర్ ముందు కాలు ఎటు తిరిగింది, భుజం ఎంత వంగింది, బంతి ఎటు వెళ్లింది అని నోటుబుక్కులో రాసుకునేవాడు ఎదుగుతాడు. నిజంగా నోటుబుక్కు పెట్టుకోండి. రెండు వందల పేజీలది.

ఇప్పుడు నిలబడే తీరు. బాబూ, ముందు వరసలో పచ్చ చొక్కా, ఇలా వచ్చి నిలబడు. మామూలుగా నువ్వు నిలబడేలాగే. ఆ, అందరూ చూడండి. చేతులెక్కడున్నాయి? తుంటి వెనక. బరువెక్కడుంది? మడమల మీద. పదిమందిలో ఎనిమిది మంది ఇలాగే ఉంటారు. పైకి వచ్చే బంతికి చెయ్యి వెనకనుంచి ముందుకి రావాలి, అంతలో బంతి దాటిపోతుంది. మడమల మీద ఉన్నవాడు పక్కకి కదలాలంటే ముందు బరువు వేళ్ల మీదికి తెచ్చుకోవాలి. రెండు పనులు. అర సెకనులో రెండు పనులు చెయ్యగలమా?

పాదాలు భుజాలంత వెడల్పు. మోకాళ్లు కొంచెం వంచు. ఇంకొంచెం. బరువు ముందు పాదం మీద, ఒక కాగితం మడమ కిందనుంచి లాగితే వచ్చేంత. తల మోకాళ్ల కన్నా ముందుకి. చేతులు రెండూ నీ కళ్లకి కనిపించాలి, ఒంటికి ముందు, నడుము పైన. నీ చేతులు నీకు కనపడకపోతే అవి తప్పు చోట ఉన్నట్టే. ఎడమచేతి గార్డు అరచేయి బంతి వైపు చూడాలి. నేల వైపు చూస్తే బంతి దాన్ని తాకి పైకెగిరి గోల్లో పడుతుంది. ఆ, ఇప్పుడు బాగుంది. కూర్చో నాన్నా.

ఇంకొకటి. కొట్టేవాడి స్టిక్ బంతిని తాకే క్షణాన మీరు ఆగి ఉండాలి. నడుస్తూ ఉండకూడదు. ముందుకి రావడం మంచిదే అన్నాను కదా, చాలామంది పిల్లలు వస్తూ వస్తూ ఉండగా బంతి వచ్చేస్తుంది. గాల్లో ఉన్న కాలితో పక్కకి నెట్టలేరు. రెండు మీటర్లు రాలేకపోతే ఒకటిన్నర దగ్గర ఆగిపొండి. ఒకటిన్నర దగ్గర ఆగినవాడు, రెండు మీటర్ల దగ్గర నడుస్తున్నవాడి కన్నా మేలు. శ్రీజేష్ వీడియోలు చూసేటప్పుడు డైవ్ చూడకండి. డైవ్‌కి ముందు ఆ చిన్న ఆగడం చూడండి. రెండు పాదాలు ఒకేసారి దిగుతాయి, ఆగుతాడు, అప్పుడు పోతాడు.

ఆపాక ఏమవుతుంది? అది ఇంకో సగం. ఇప్పటి ఫోమ్ ప్యాడ్లు గట్టివి, బంతి తగిలితే అయిదారు మీటర్లు ఎగిరి పోతుంది. నేరుగా ఎదురుగా పోయిందా, అక్కడ వాళ్ల ఫార్వర్డ్ కాచుకుని ఉంటాడు. ప్యాడ్ ముఖాన్ని కొంచెం పక్క లైను వైపు తిప్పి పెట్టాలి. కిక్ చేసేటప్పుడు మోకాలు బంతి మీదికి రావాలి. వెనక్కి వాలి తన్నితే బంతి గాల్లోకి లేస్తుంది, ఎవరికో ప్రమాదం అవుతుంది, అంపైర్ పెనాల్టీ కార్నర్ ఇస్తాడు. మీరు ఆపిన బంతికి మీరే శిక్ష తెచ్చుకున్నట్టు. బంతి మీద పడుకుని కప్పేసినా శిక్షే. డి దాటి బయటికి వెళ్లారంటే కాళ్లతో ఆడకూడదు, స్టిక్ ఒక్కటే. మన మట్టి గ్రౌండ్లలో ఆడేవాళ్లకి ఇంకో మాట. టర్ఫ్ మీద చేసే స్లైడ్ మట్టి మీద చెయ్యకండి. బంతి గులకరాయి తగిలి ఎగురుతుంది, మీరేమో కింద ఉంటారు. మట్టి మీద నిలబడే ఆపండి.

పెద్ద మ్యాచులు, షూటవుట్లు

శ్రీజేష్ పేరు దేశమంతా తెలిసింది 2014లో. దానికి ముందు 2011లో ఓర్డోస్‌లో ఏషియన్ చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, పాకిస్తాన్ మీద, పెనాల్టీల్లో రెండు ఆపాడు. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ ఫైనల్ మళ్లీ పాకిస్తాన్ మీదే. 1-1. షూటవుట్ 4-2. మళ్లీ రెండు ఆపాడు. పదహారేళ్ల తర్వాత ఏషియన్ గేమ్స్ స్వర్ణం, దానితో పాటు నేరుగా రియో ఒలింపిక్స్‌కి టికెట్.

షూటవుట్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి చెప్తాను. 23 మీటర్ల లైను మీద బంతి పెడతారు. ఈలతో ఎనిమిది సెకన్లు మొదలు. దాడి చేసేవాడు ఒక్కడు, గోలీ ఒక్కడు. గోలీ గోల్ లైను మీద మొదలవ్వాలి. అదే పెనాల్టీ స్ట్రోక్ అయితే 6.4 మీటర్ల నుంచి, కొట్టేదాకా గోలీ లైను మీంచి కదలకూడదు. రెండూ వేరు వేరు పనులు. స్ట్రోక్‌లో మీకున్నది కొట్టేవాడి భుజాన్ని చదవడం ఒక్కటే. షూటవుట్‌లో మీ చేతిలో ఉన్న ఆయుధం వేరు. ఏమిటది? గడియారం. ఎనిమిది సెకన్లు మీకు చుట్టం, వాడికి శత్రువు.

మొదటి రెండు మూడు సెకన్లు వేగంగా ముందుకు రండి, డి మధ్యదాకా. అక్కడ ఆగండి. ఆగి, వాడితో పాటు చిన్న అడుగులతో వెనక్కి నడవండి. ముందు కింద పడకండి. ముందు పడినవాడు ఓడిపోయినట్టే, వాడు బంతిని మీ మీదుగా లేపుతాడు, లేదా పక్కకి లాగి ఖాళీ గోల్లో వేస్తాడు. వాడిని రివర్స్ స్టిక్ వైపు, అంటే వాడి ఎడమ వైపు, తోలండి. మీరు సగం అడుగు వాడి కుడి పక్కకి నిలబడితే వాడికి ఎడమ వైపే దారి కనిపిస్తుంది. అటు వెళ్లినవాడు కొట్టడానికి ఒంటిని తిప్పాలి, తిప్పడానికి సెకను పోతుంది. వాడు వీపు తిప్పిన క్షణంలో దగ్గరికి వెళ్లండి. కాళ్లు తగిలించకండి, పొరపాటున తగిలితే మళ్లీ ఆడిస్తారు, కావాలని చేస్తే స్ట్రోక్ ఇస్తారు. చూశారా? మళ్లీ అదే. ఎక్కడ నిలబడ్డాడు?

ఇదంతా వింటే శ్రీజేష్ ప్రతి షూటవుట్ గెలిపించాడనుకుంటారు. లేదు. అది కూడా చెప్పాలి. 2015 రాయ్‌పూర్‌లో వరల్డ్ లీగ్ ఫైనల్ కాంస్యం కోసం నెదర్లాండ్స్ మీద షూటవుట్ గెలిచారు, నిజమే. 2016 లండన్ చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, కెప్టెన్‌గా ఉన్నాడు, ఆస్ట్రేలియా మీద షూటవుట్‌లో 3-1తో ఓడారు. 2018 బ్రెడాలో అదే ఫైనల్, అదే ఆస్ట్రేలియా, మళ్లీ 3-1. ఆ టోర్నీ ఉత్తమ గోల్‌కీపర్ అతనే, కప్పు మాత్రం వాళ్లది. అదే ఏడాది జకార్తా ఏషియన్ గేమ్స్ సెమీఫైనల్, మలేషియా మీద షూటవుట్, 7-6తో ఓటమి. స్వర్ణం నిలబెట్టుకోవాల్సిన జట్టు కాంస్యంతో తిరిగొచ్చింది. ఇంచియాన్‌లో హీరో అన్నవాళ్లే జకార్తా తర్వాత ఏమన్నారో ఊహించుకోండి.

ఈ మధ్యలో మోకాలు. 2017 అజ్లాన్ షా కప్‌లో ఏసీఎల్ తెగింది. ఏసీఎల్ అంటే మోకీలు లోపల ఏటవాలుగా ఉండే లిగమెంటు, తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచేది. గోల్‌కీపర్ పని మొత్తం దాని మీదే. పక్కకి నెట్టడం, ఆగడం, మళ్లీ నెట్టడం. ఎనిమిది నెలలు బయట ఉండి 2018 జనవరిలో తిరిగొచ్చాడు. ముప్పై దగ్గర పడుతున్న గోలీకి అది చిన్న విషయం కాదు. తల్లిదండ్రులూ, మోకాలి గాయమైతే నాటు వైద్యం దగ్గరికి తీసుకెళ్లి పట్టీ కట్టించి, వాపు తగ్గింది కదా అని నెల తిరక్కుండా గ్రౌండ్‌కి పంపకండి. వాపు తగ్గడం వేరు, తొడ కండరం బలం తిరిగి రావడం వేరు. గాయపడిన కాలి మీద ఒంటికాలితో గెంతి, రెండో కాలితో గెంతినంత దూరం పోగలిగేదాకా డైవ్ చెయ్యకూడదు. ఫిజియో సరే అన్నాకే.

ఇప్పుడు టోక్యో. 2021 ఆగస్టు 5. కాంస్యం కోసం జర్మనీతో. 1-3తో వెనకబడి 5-4 దాకా వచ్చారు. చివర్లో, ఇంకా 6.8 సెకన్లు ఉందనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్. సమయం అయిపోయినా ఆ కార్నర్ పూర్తి అయ్యేదాకా మ్యాచ్ అయిపోదు. నలభై ఒక్క ఏళ్లుగా ఒలింపిక్ పతకం లేదు. 1980 మాస్కో తర్వాత ఒక్కటీ లేదు. ఇదంతా ఆ ఒక్క బంతి మీద.

పెనాల్టీ కార్నర్‌లో మన వైపు ఎంతమంది? గోలీతో కలిపి ఐదుగురు, గోల్ లైను వెనక. బంతిని లోపలికి తోసేవాడు పోస్టు నుంచి పది మీటర్ల అవతల. బంతి కదలగానే మొదటి రషర్ నేరుగా ఫ్లిక్కర్ మీదికి పరుగెడతాడు. అతని పని గోలీకి ఒక వైపు మూసేయడం. మన జట్టులో ఆ పని అమిత్ రోహిదాస్‌ది, ప్రపంచంలో ఉన్న మంచి రషర్లలో ఒకడు. ముఖానికి మాస్కు, మోకాళ్లకి గార్డులు కట్టుకుని గంటకి నూరు కిలోమీటర్ల బంతికి ఎదురు వెళ్లే పని. రషర్ ఒక వైపు మూస్తే, పోస్టు దగ్గర ఉన్నవాడు ఒక మూల చూసుకుంటే, గోలీకి మిగిలేది ఎంత? సగం గోల్ కన్నా కాస్త ఎక్కువ. అందుకే ఈలకి ముందు గోలీ అరుస్తూ ఉంటాడు. ఏమని? నువ్వు ఇటు, నువ్వు అటు, నాది ఇది. నోరు లేని గోలీ సగం గోలీయే. మీలో చాలామంది మౌనంగా నిలబడతారు. ఇవాళ్టి నుంచి అరవాలి.

ఆ బంతిని ఆపాడు. మీరందరూ చూశారు. తర్వాత గోల్‌పోస్టు ఎక్కి కూర్చున్నాడు, అదీ చూశారు. నేను చూడమనేది దానికి ముందు ఆ కొన్ని క్షణాలు. మనవాళ్లని ఒక్కొక్కరినీ వాళ్ల చోట నిలబెట్టడం, తను లైను మీంచి ముందుకి వచ్చి ఆగడం.

పారిస్ గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎండెక్కుతోంది. పారిస్ తర్వాత ఆడనని ముందే ప్రకటించి వెళ్లాడు. 36 ఏళ్లు. 2024 ఆగస్టు 4, క్వార్టర్ ఫైనల్, గ్రేట్ బ్రిటన్‌తో. పదిహేడో నిమిషంలో రోహిదాస్‌కి రెడ్ కార్డ్. అర్థమైందా? మ్యాచ్‌లో మిగిలిన నలభై నిమిషాలకి పైగా పదిమందే, పైగా పోయినవాడు మొదటి రషర్. అంటే ప్రతి కార్నర్‌లో గోలీకి అలవాటైన ఆ మూసిన వైపు ఇప్పుడు అలవాటు లేని మనిషి చేతిలో ఉంది. 1-1తో నిలబెట్టారు. షూటవుట్ 4-2. బ్రిటన్ మొదటి ఇద్దరూ వేశారు. మూడోవాడు బయటికి కొట్టాడు, నాలుగోవాడిని శ్రీజేష్ ఆపాడు. ఆ మూడోవాడి గురించి పేపర్లు మిస్ అయ్యాడని రాశాయి. ఎందుకు మిస్ అయ్యాడు? ఎదురుగా ఉన్నవాడు కింద పడకుండా, దారి ఇవ్వకుండా నిలబడితే కొట్టేవాడికి గోల్ చిన్నదైపోతుంది. పైకి లేపి కొట్టాలి, పైకి లేపితే అదుపు తప్పుతుంది. అది గోలీ లెక్కలో రాదు. మీ నోటుబుక్కులో మాత్రం రాసుకోండి.

నిషేధం వల్ల రోహిదాస్ లేని సెమీఫైనల్ జర్మనీకి 3-2తో పోయింది. ఆగస్టు 8న స్పెయిన్ మీద 2-1తో కాంస్యం. చివరి నిమిషంలోనూ స్పెయిన్‌కి పెనాల్టీ కార్నర్లే. కెరీర్‌లో చివరి నిమిషం కూడా అదే పని. ఎఫ్ఐహెచ్, అంటే అంతర్జాతీయ హాకీ సమాఖ్య, ఇచ్చే ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు 2021, 2022, 2024, మూడుసార్లు. ఖేల్‌రత్న 2021లో, పద్మభూషణ్ 2025లో. సీనియర్ జట్టులో 16 నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వబోమని హాకీ ఇండియా చెప్పింది. తర్వాత వెంటనే జూనియర్ జట్టుకి కోచ్ అయ్యాడు, 2024లో మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ గెలిపించాడు. అంతకు పదహారేళ్ల ముందు హైదరాబాద్‌లో ఆటగాడిగా గెలిచిన అదే కప్పు.

మన దగ్గర హాకీ ఎక్కడుంది అనేవాళ్లకి ఒక్క మాట. హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్ ఆడాడు. రజని ఇక్కడి పల్లెటూరి నుంచే వెళ్లింది. గ్రౌండ్లు తక్కువ, టర్ఫ్‌లు ఇంకా తక్కువ, ఒప్పుకుంటాను. కానీ నిలబడే చోటు నేర్చుకోవడానికి టర్ఫ్ అక్కర్లేదు. సున్నం, తాడు ఉంటే చాలు.

అదిగో, ఆ గోల్ ముందు తాడు కట్టాం. డి చివర మేకు కొట్టి, రెండు పోస్టులకీ రెండు తాళ్లు. లైనుకి మీటరు దగ్గర, రెండు మీటర్ల దగ్గర, మూడు మీటర్ల దగ్గర సున్నంతో గీతలు గీశాం. ఒక్కొక్కరూ వచ్చి మూడు గీతల మీదా నిలబడి, చేతులు చాచి, తాళ్లకి ఎంత దూరంలో ఉన్నారో చూసుకోండి. ఆ తర్వాత మేకుని ఎడమకి మూడు మీటర్లు జరిపి మళ్లీ. అప్పుడే బంతులు మొదలుపెడదాం. మొదటి పది బంతులు మెల్లగా తోస్తారు, ఎవరూ డైవ్ చెయ్యక్కర్లేదు. హెల్మెట్ బకిల్ పెట్టుకున్నారా అందరూ? ఆ చివర బాబు, నీది వదులుగా ఉంది, బిగించుకుని రా.